ఎనిమిది గుండాలు, నడిమధ్య తొమ్మిదోది: ఒషినో హక్కాయ్ వెళ్లేవారికి

మీరు అడిగింది ఇదీ. అక్టోబరు చివర్లో అమ్మానాన్నలతో వారం రోజులు జపాన్ వస్తున్నారు, మకాం టోక్యోలో. ఫూజీ పర్వతం కింద ఒషినో హక్కాయ్ అనే చోట అద్దంలాంటి ఊట గుండాలు ఉన్నాయని ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డారు. ఈలోపు ఎవరో "అదంతా దుకాణాల గోల, దండగ" అన్నారు. వెళ్లాలా వద్దా, టూర్ బస్సులోనా సొంతంగానా, ఆ నీళ్లు తాగొచ్చా, శాకాహారి అయిన అమ్మగారికి తినడానికి ఏమైనా దొరుకుతుందా, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు నడవగలరా?

నేను జపాన్ వచ్చి పదకొండేళ్లయింది. ఉండేది టోక్యో పక్కన సగమిహారాలో. ఊరి నుంచి ఎవరొచ్చినా ఫూజీ చూపించే డ్యూటీ నాదే కాబట్టి ఒషినోకి పద్నాలుగు పదిహేను సార్లు వెళ్లుంటాను. మంచులో వెళ్లాను, వానలో వెళ్లాను, నడవడానికి కూడా సందు లేని మే నెల సెలవుల్లోనూ వెళ్లాను. నా మాట: వెళ్లండి. కానీ ఆ ఫొటోలో చూసిన గుండం కోసం మాత్రం వెళ్లకండి.

ఎందుకంటే ఆ గుండం ఎనిమిదింటిలో ఒకటి కాదు. మీరు చూసిన ఫొటో చెప్పమంటే నేనే చెప్తాను: గుండ్రంగా, బావిలా లోతుగా, నీలంగా, లోపల రంగురంగుల చేపలు, చుట్టూ జనం. దాని పేరు నకా ఇకె, అంటే నడిమి గుండం. మనుషులు తవ్వించింది, పక్కనున్న దుకాణం వాళ్లది. ఊట నీళ్లే, స్వచ్ఛంగానే ఉంటాయి, అందులో మోసమేమీ లేదు. కానీ వచ్చినవాళ్లలో చాలామంది దాని చుట్టూ మూగి, నాలుగు ఫొటోలు తీసుకుని, పక్కన దుకాణంలో ఐస్‌క్రీమ్ తిని, ఒషినో చూసేశాం అనుకుని బస్సెక్కేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. అప్పుడు ఒక టూర్ బస్సులో వెళ్లాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అయిదు చోట్లు తిప్పి, ఇక్కడ సరిగ్గా 40 నిమిషాలు ఇచ్చారు. అందులో పది నిమిషాలు టాయిలెట్ క్యూలోనే పోయాయి. ఇంటికొచ్చాక ఫొటోలు చూసుకుంటుంటే నా జపనీస్ సహోద్యోగి ఒకాయన "ఇది బాగుంది గానీ, హక్కాయ్ ఏదీ?" అని అడిగాడు. నా దగ్గర ఎనిమిది గుండాల్లో ఒక్కదాని ఫొటో కూడా లేదు!

హక్కాయ్ అంటే ఎనిమిది సముద్రాలు. పేరు చూసి పెద్ద చెరువులు ఊహించుకోకండి. అన్నింటికంటే చిన్నదైన ఒకామా గుండం విస్తీర్ణం 24 చదరపు మీటర్లు, మన ఇళ్లల్లో ఒక పెద్ద హాలంత. పెద్దదైన దెగుచి గుండం 1,467 చదరపు మీటర్లు. మిగిలినవన్నీ ఈ రెండింటికీ మధ్య. సముద్రాలని ఎందుకన్నారో అర్థం కావాలంటే ఈ చోటును చూడచక్కని పల్లెలా కాకుండా క్షేత్రంలా చూడాలి. అసలు ఇది అదే.

జపాన్ చరిత్రలో ఎడో యుగం అనే కాలంలో (17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం నడిమి దాకా) ఫూజీని దైవంగా కొలిచే భక్త బృందాలు ఉండేవి, ఫూజికో అంటారు. మనవాళ్లు మాల వేసుకుని శబరిమల వెళ్లినట్టు, వాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, గుంపులు గుంపులుగా నడుచుకుంటూ వచ్చి ఫూజీ ఎక్కేవాళ్లు. ఎక్కే ముందు ఒళ్లు శుద్ధి చేసుకోవాలి కదా, ఆ స్నానాల చోట్లలో ఒకటి ఈ ఎనిమిది గుండాలు. ఒక్కో గుండానికి ఒక్కో నాగరాజు అధిదేవత. ఒకటో గుండం నుంచి ఎనిమిదో గుండం దాకా వరసగా తిరిగి మొక్కేవాళ్లు.

ఆ నాగరాజుల పేర్లు వినండి. ఒకటో గుండం దెగుచి: నంద. రెండోది ఒకామా: ఉపనంద. మూడోది సోకొనాషి: సాగర. నాలుగోది చోషి: వాసుకి. అయిదోది వాకు: తక్షకుడు. ఆరోది నిగొరి: అనవతప్త. ఏడోది కగామి: మనస్వి. ఎనిమిదోది షోబు: ఉత్పలక. జపనీయుల నోట్లో వాసుకి 'వాషుకిత్సు' అయ్యాడు, తక్షకుడు 'తోకుషాకా' అయ్యాడు. మొదటిసారి బోర్డు మీద చదివినప్పుడు నాకు తట్టలేదు. మా నాన్నగారు వచ్చినప్పుడు నేను అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదువుతుంటే, "తోకుషాకా ఏమిట్రా, తక్షకుడు కాదూ? పరీక్షిత్తును కరిచినవాడు" అన్నారు. అంతే. పాల సముద్రం చిలికినప్పుడు తాడైన వాసుకి, పరీక్షిత్తును కాటేసిన తక్షకుడు బౌద్ధ సూత్రాల్లోకి ఎక్కి, చైనా మీదుగా వచ్చి, ఫూజీ కింద నీటి గుండాల్లో కాపురం పెట్టారన్నమాట. అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. అక్కడ ఆవిడకి విసుగు రాదని హామీ.

ఇక నీళ్ల సంగతి. ఫూజీ అంత పెద్ద కొండ కదా, దాని వాలు మీద ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా కనపడదు. కురిసిన వాన, కరిగిన మంచు అంతా నేలలోకి ఇంకిపోతుంది. పైనున్న కొత్త లావా రాయి నిండా రంధ్రాలు, స్పాంజిలాగా. దాని అడుగున పాత ఫూజీ కాలం నాటి గట్టి బురద పొర ఉంది, నీటిని కిందికి పోనివ్వదు. అందుకని నీళ్లు ఆ రెండు పొరల మధ్య దారి చేసుకుని, ఏళ్ల తరబడి వడకట్టుకుంటూ వచ్చి, కొండ పాదం దగ్గర ఎక్కడ వీలైతే అక్కడ పైకి తంతాయి. ఇరవై ఏళ్లని ఒకరు, ఎనభై ఏళ్లని ఇంకొకరు చెప్తారు, గైడును బట్టి అంకె మారుతుంది. దాన్ని పట్టించుకోకండి. మీరు గమనించాల్సింది నీటి వేడి: ఎండాకాలమైనా చలికాలమైనా దాదాపు 13 డిగ్రీలే. ఆగస్టులో దుకాణం ముందు పడే ఊట ధారలో చెయ్యి పెడితే అర నిమిషానికి ఎముకలు లాగుతాయి. జనవరిలో చుట్టూ సున్నాకి పది డిగ్రీలు కింద ఉన్నప్పుడు అదే నీళ్ల మీద పొగలు లేస్తుంటాయి, గుండం గడ్డకట్టదు. ఊట ఎప్పుడూ తోస్తూ ఉంటుంది కాబట్టి నీరు నిలవ ఉండదు, అందుకే ఆ తేట.

ఇప్పుడు ఈ ఊరున్న చోట ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేదని చెప్తారు. 800 సంవత్సరం ప్రాంతంలో ఫూజీ పేలినప్పుడు లావా వచ్చి ఆ సరస్సును రెండుగా చీల్చిందని, ఒక ముక్క ఇప్పటి యమనకా సరస్సు అని, ఇంకో ముక్క ఎండిపోయి ఊటలు మాత్రం ఈ గుండాలుగా మిగిలాయని స్థలపురాణం. ఊరి పేరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది నింజాల ఊరు అనుకుంటారు. 'ఒషి' అనే అక్షరం నింజాలో 'నిన్' అక్షరమే, దాన్ని పట్టుకుని ఊళ్లో ఒక నింజా పార్కు కూడా పెట్టారు. నిజానికి 1875లో షిబొకుసా, ఉచినో అనే రెండు ఊళ్లు కలిపి, ఒకదాని మొదటి అక్షరం, రెండోదాని చివరి అక్షరం తీసుకుని పెట్టిన పేరది. గుండాలున్నది షిబొకుసా వైపు.

సరే, ఎలా చూడాలి. అందరూ నకా ఇకె దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు, మీరు వాకు గుండం దగ్గర మొదలుపెట్టండి. అది నకా ఇకెకి కూతవేటు దూరమే, రోడ్డు పక్కనే. ఎనిమిదింటిలో ఊట బలం కళ్లకు కనపడేది ఇక్కడే. నాలుగు మీటర్ల లోతు, అడుగున గుహలా ఉంటుంది, అక్కడి నుంచి నీళ్లు తోసుకొస్తుంటే నాచు మొక్కలు గాలికి ఊగినట్టు ఊగుతుంటాయి. ఎండ ఏటవాలుగా పడే పొద్దుట పూట అడుగునున్న ప్రతి రాయీ లెక్కపెట్టొచ్చు. 1983లో అమెరికా వాళ్ల అంతరిక్ష నౌకలో కృత్రిమ మంచు తయారు చేసే ప్రయోగానికి ఈ గుండం నీళ్లే పట్టుకెళ్లారు. తక్షకుడి గుండం నీళ్లు అంతరిక్షానికి వెళ్లాయని మా నాన్నగారు ఇప్పటికీ వీధిలో అందరికీ చెప్తారు.

వాకు పక్కనే నిగొరి ఉంది. నిగొరి అంటే బురద నీరు. ఒకప్పుడు ఇదీ తేటగానే ఉండేదట. చిరిగిన బట్టల్లో ఒక సన్యాసి వచ్చి గుక్కెడు నీళ్లడిగితే ఇంటావిడ పొమ్మందట, ఆ క్షణమే నీళ్లు మురికిగా మారాయట. గిన్నెలో ముంచితే మాత్రం తేటగా ఉంటాయని కథ. ఇప్పుడు చూస్తే పెద్ద బురదగా ఏమీ ఉండదు, శాపం తీరిపోయినట్టుంది. కగామి అంటే అద్దం, గాలి లేని రోజు ఫూజీ తలకిందులుగా అందులో కనపడుతుంది. మనిషి మంచి చెడ్డలు ఈ నీరు తేలుస్తుందని నమ్మి, ఊళ్లో గొడవలొస్తే ఇక్కడ స్నానం చేసి ప్రమాణాలు చేసేవారట. కాణిపాకంలో ప్రమాణం చేయించినట్టే. షోబు గుండంలో ఆకులు పొడుగ్గా కత్తుల్లా ఉండే మొక్కలు పెరుగుతాయి. భర్త జబ్బు నయం కావడానికి ఒక ఇల్లాలు దేవుడు చెప్పినట్టు ఆ ఆకులు ఆయన ఒంటికి చుట్టిందని కథ. ఇది కాస్త పక్కగా ఉంటుంది, అక్టోబరులో పూలుండవు, కాళ్లు సహకరించకపోతే వదిలేయొచ్చు.

చోషి గుండం కథ మాత్రం అమ్మగారికి నేను చెప్పను, మీరే చెప్పుకోండి. పెళ్లి వేళ అందరి ముందూ పెళ్లికూతురు పొరపాటున గాలి వదిలేసిందట. సిగ్గుతో చితికిపోయి, చేతిలో సాకే (బియ్యంతో చేసే మద్యం) పోసే పాత్రతో సహా ఇందులో దూకేసిందట. ఆ పాత్రనే చోషి అంటారు. పాపం ఆ పిల్ల పేరున ఇప్పుడిది పెళ్లిళ్లు కుదిర్చే గుండం అయింది! ఒకామాలో ఒక పెద్ద కప్ప అమ్మాయిని లాక్కుపోయిందని కథ. చిన్నదే అయినా నాలుగు మీటర్ల లోతు, ముదురు నీలం. నా మటుకు నాకు అందంలో మొదటి స్థానం దీనికే.

మూడోదైన సోకొనాషి ఒక్కదానికే టికెట్. హాన్నోకి బయాషి అనే చిన్న మ్యూజియం ఆవరణలో ఉంటుంది, నేను చివరిసారి వెళ్లినప్పుడు 300 యెన్లు. సోకొనాషి అంటే అడుగు లేనిది. ఇందులో గిన్నెలు, కూరలు కడుగుతూ చెయ్యి జారితే మాయమైపోయి ఒకామా గుండంలో తేలేవట. కొలిస్తే లోతు ఒకటిన్నర మీటరు. అయినా ఆ 300 పెట్టండి. మీరు "సాంప్రదాయ పల్లె" చూడాలి అన్నారు కదా, అది నిజంగా కనపడేది ఈ ఆవరణలోనే. రెల్లు కప్పిన పాత ఇల్లు, లోపల నడిమధ్య పొయ్యి, నేల మీద చాపలు, పాత వ్యవసాయ పనిముట్లు. మేడ మీదికి ఎక్కితే కిటికీలోంచి ఫూజీ. మెట్లు నిటారుగా ఉంటాయి, నాన్నగారిని కిందే కూర్చోబెట్టండి. బయట ఊళ్లో మాత్రం రెల్లు కప్పులు చాలా తక్కువ, మిగతావన్నీ మామూలు రేకు, పెంకు ఇళ్లు, కేబేజీ మళ్లు, ఇంటి ముందు కార్లు. పర్యాటకుల కోసం ఆగిపోయిన ఊరు కాదిది, మనుషులు బతుకుతున్న ఊరు. రోబోలు, మిషన్ల కంట్రోలర్లు తయారు చేసే ఫానక్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. సీఎన్‌సీ మిషన్ మీద పనిచేసిన మెకానికల్ వాళ్లెవరైనా మీతో ఉంటే, పసుపు రంగు భవనాలు చూపించండి, గుండాల కంటే ఎక్కువ పొంగిపోతారు.

ఇక దెగుచి. మిగిలిన ఏడూ ఒకదాని పక్కన ఒకటి ఉంటే, ఇదొక్కటే దూరంగా, పది పదిహేను నిమిషాల నడకలో ఉంటుంది. టూర్ బస్సుల వాళ్లు ఇక్కడిదాకా రారు. చెట్ల నీడ, చిన్న గుడి, నిశ్శబ్దంగా పెద్ద నీరు. యాత్రికులు వరసలో మొదట మొక్కింది ఇక్కడే. కొండెక్కేటప్పుడు ఈ నీళ్లే పవిత్ర జలంగా వెంట పట్టుకెళ్లేవారు. ఒక నవంబరు ఉదయం ఏడింటికి నేను వెళ్లేసరికి ఒక పెద్దాయన గట్టు మీద ఆకులు ఊడుస్తున్నాడు, నేను, ఆయన, రెండు బాతులు తప్ప ఎవరూ లేరు. అదే రోజు పదింటికి నకా ఇకె దగ్గర సెల్ఫీ కర్రలు మొహానికి తగులుతున్నాయి. మధ్య దూరం ఒక కిలోమీటరు కూడా కాదు. నాన్నగారు నడవలేకపోతే టాక్సీ దెగుచి దగ్గర ఆపించుకుని, అక్కడ చూశాక మిగతావాటి దగ్గర దిగండి. దారంతా దాదాపు చదునే, మెట్లు లేవు, మధ్యలో కూర్చోడానికి చోట్లున్నాయి.

నీళ్లలోకి దిగడం, చేతులు కాళ్లు కడగడం కుదరదు. మనకిది కొంచెం కష్టంగా అనిపిస్తుంది. నంద్యాల దగ్గర మహానందిలో ఇంత తేట నీళ్లలోనే మునిగి స్నానం చేసి వచ్చినవాళ్లం కదా. ఒకప్పుడు ఇక్కడా అంతే, స్నానం కోసమే వచ్చేవారు. కానీ 1934లో దీన్ని జాతీయ ప్రకృతి స్మారకంగా ప్రకటించారు, 2013లో ఫూజీతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అందులో ఎనిమిది గుండాలనూ విడివిడిగా లెక్కవేశారు. ఇంకో ముఖ్యమైన మాట: చిల్లర వేయొద్దు. రాజమండ్రి బ్రిడ్జి మీద రైలు ఎక్కగానే గోదావరిలోకి రూపాయి విసిరే చెయ్యి మనది, తేట నీళ్లు చూడగానే జేబులోకి పోతుంది. మా అత్తగారి చేతిని నేను గాల్లో పట్టుకున్నాను. వేయొద్దని బోర్డులున్నాయి. అయినా అడుగున నాణేలు మెరుస్తూనే ఉంటాయి, తుప్పు పడితే నీరు పాడవుతుంది, తీయాలంటే ఎవరో ఒకరు ఆ చలినీళ్లలోకి దిగాలి. దక్షిణ వేయాలనిపిస్తే పక్కనే ఉన్న గుడి హుండీలో వేయించండి.

తాగడం గురించి: గుండాల్లోంచి ముంచుకుని తాగొద్దు. నకా ఇకె దగ్గర దుకాణం ముందు గొట్టంలోంచి ఊట నీరు ధారగా పడుతుంటుంది, అది పట్టుకుని తాగొచ్చు, ఖాళీ సీసాలు కూడా అమ్ముతారు. ఈ నీళ్లు జపాన్ పర్యావరణ సంస్థ 1985లో ఎంచిన వంద మేటి జలాల్లో ఒకటి. రుచి ఏముంటుంది నీళ్లకి అంటారా, టీ పెట్టి చూడండి. ఇంకో తమాషా: ఈ గుండాల నీళ్లు ఊరి మధ్య పారే షిన్నాషో వాగులో కలిసి, అది కత్సురా నదిలో కలిసి, అదే కిందికొచ్చి సగామి నది అవుతుంది. ఆ నది నీళ్లే శుద్ధి చేసి మా ఊరి కొళాయిల్లోకి వదులుతారు. అంటే నేను రోజూ ఇంట్లో అన్నం వండేది కూడా ఎంతో కొంత ఒషినో నీళ్లతోనే.

తిండి. ఇక్కడ అమ్మగారి విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఒషినోలో పేరున్నది బుక్‌వీట్ పిండితో చేసే సోబా నూడుల్స్, ఊట నీటితో చేసిన టోఫు. సోబాలో మాంసం కనపడదు కాబట్టి శాకాహారం అని చాలామంది పొరబడతారు. నంజుకునే పులుసులో ఎండు చేప రసం ఉంటుంది, దాన్ని దాషి అంటారు. యమనాషి ప్రాంతంలో గుమ్మడికాయ వేసి చేసే హోతో అనే నూడుల్స్ వంటకంలోనూ అదే సంగతి. టోఫు మంచిదే, కానీ పైన చెక్క పొట్టులా కనపడే చేప తురుము చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. "నికు మో సకానా మో తబెమసెన్" అనండి, మాంసమూ చేపా తిననని. "దాషి మో దమె దెస్" అని కలపండి, లేకపోతే పులుసు గురించి అర్థం కాదు. నిశ్చింతగా తినగలిగింది కుసమోచి: ఆకు పసరు కలిపిన బియ్యప్పిండి ముద్దలో తీపి ఎర్రచిక్కుడు ముద్ద పెట్టి, పెనం మీద వేడివేడిగా కాల్చి ఇస్తారు. మా అమ్మ దాన్ని "పూర్ణం పెట్టిన కుడుము, కొంచెం కాల్చారంతే" అంది. అది రెండు, కాల్చిన మొక్కజొన్న కంకి ఒకటి అయితే కడుపు నిండుతుంది. అయినా నేనైతే పొద్దున్నే పులిహోర కట్టుకుని వెళ్తాను. బస్టాప్ దగ్గర బెంచీ మీద కూర్చుని తినొచ్చు. చెత్తబుట్టలు దొరకవు, డబ్బా, కవరు మళ్లీ సంచిలోనే రావాలి.

ప్రయాణానికి టూర్ బస్సు వద్దని పైన చెప్పిన 40 నిమిషాల సంగతితోనే మీకు అర్థమై ఉంటుంది. టోక్యోలో షింజుకు అనే చోటున్న పెద్ద బస్ టెర్మినల్ నుంచి హైవే బస్సులున్నాయి, కొన్ని నేరుగా ఒషినో హక్కాయ్‌లో ఆగుతాయి, రెండు గంటల పైచిలుకు. నేరుగా దొరక్కపోతే ఫూజీసాన్ స్టేషన్ దాకా వెళ్లి అక్కడి నుంచి లోకల్ బస్సు, ఇరవై నిమిషాలు. ఈ లోకల్ బస్సులు మన సిటీ బస్సుల్లా వెంటవెంటనే రావు, దిగగానే తిరుగు బస్సుల టైం బోర్డు ఫొటో తీసుకోండి. రైలంటే ఇష్టమైతే షింజుకు నుంచి 'ఫూజీ కైయు' అనే ఎక్స్‌ప్రెస్ నేరుగా ఫూజీసాన్ మీదుగా కవగుచికో వెళ్తుంది, సుమారు రెండు గంటలు. అన్నీ రిజర్వు సీట్లే, శని ఆదివారాలవి ముందే నిండిపోతాయి, బస్సు కంటే ఖరీదు. పెద్దవాళ్లతో అయితే నేను రైలుకే ఓటు వేస్తాను, కాళ్లు చాపుకోవచ్చు, టాయిలెట్ ఉంటుంది.

వీలుంటే ఒక రాత్రి యమనకా సరస్సు దగ్గరో, పక్క ఊరు ఫూజీయోషిదాలోనో ఉండండి. టూర్ బస్సులు పదింటికి మొదలవుతాయి, మూడు దాటితే పలచబడతాయి. ముందు రోజు అక్కడే పడుకుంటే ఏడున్నరకల్లా గుండాల దగ్గర ఉంటారు. ఫూజీ కూడా పొద్దుటే కనపడే మనిషి, ఎండ ముదిరేకొద్దీ మబ్బుల్లో దూరిపోతాడు. అక్టోబరు చివర అంటే ఎండాకాలం కంటే నయం, శిఖరం మీద కొత్త మంచు కూడా పడి ఉండొచ్చు. కానీ హామీ లేదు, రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ కొండ చూడకుండా వచ్చిన స్నేహితులున్నారు నాకు. ఊరు 940 మీటర్ల ఎత్తులో ఉంది, టోక్యోలో చొక్కాతో తిరిగిన రోజే ఇక్కడ పొద్దున పూట స్వెటరు, మఫ్లరు, అమ్మగారికి సాక్సులు కావాలి. చీర కట్టుకుంటే లోపల థర్మల్స్ వేయించండి. ఇంకోసారి ఎప్పుడైనా ఏప్రిల్ చివర్లో రాగలిగితే రండి: టోక్యోలో చెర్రీ పూలు రాలిపోయాక ఇక్కడ షిన్నాషో వాగు గట్టున పూస్తాయి, ఒమియా వంతెన మీద నుంచి చూస్తే పూలు, వాగు, వెనక ఫూజీ ఒకే వరసలో.

మిగిలిన సగం రోజు ఏం చేయాలంటే, ఫూజీయోషిదాలో కితాగుచి హొంగు ఫూజీ సెంగెన్ గుడికి వెళ్లండి. గుండాల్లో శుద్ధి అయిన యాత్రికులు అక్కడ మొక్కి కొండెక్కేవాళ్లు, కాబట్టి కథ పూర్తవుతుంది. వందల ఏళ్ల దేవదారు చెట్ల మధ్య దారి చదునుగా ఉంటుంది, నాన్నగారికి ఇబ్బంది లేదు. అందరూ చెప్పే చురెయితో పగోడాకి మాత్రం 398 మెట్లు, ఆయన్ని కష్టపెట్టొద్దు. పిల్లలుంటే ఒషినోలోనే ఊట నీటి చేపల అక్వేరియం ఒకటుంది, చిన్నదే, బాగుంటుంది.

చివరగా, తేదీ మాత్రం ఆదివారం పెట్టుకోవద్దు. పోనీ ఆదివారమే కుదిరితే తిరుగు ప్రయాణం రైల్లో చేయండి. ఆదివారం సాయంత్రం టోక్యో వైపు హైవే మీద కొబొతొకె సొరంగం ముందు కార్లు బారులు తీరతాయి, రెండు గంటల దారి నాలుగు గంటలైన రోజులున్నాయి. మా బావగారి కుటుంబాన్ని ఒకసారి అలాగే బస్సులో తీసుకొస్తూ ఆ సొరంగం దగ్గర ఇరుక్కున్నాం, రాత్రి వాళ్లు ఎక్కాల్సిన హైదరాబాదు విమానం, టెన్షన్‌తో ఎవరూ మాట్లాడలేదు. విమానం దొరికింది గానీ, ఒషినోలో పట్టుకున్న ఊట నీళ్ల సీసాలు రెండూ ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో తీసేయించారు. కాబట్టి ఆ నీళ్లు ఇండియా తీసుకెళ్లాలనుకుంటే చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో, మూత మీద టేపు చుట్టి పెట్టుకోండి.